మాట్లాడుకుని కట్టుకున్న నేల

నెదర్లాండ్స్ పేరు చెప్పగానే ఒకప్పుడు మనవాళ్లకు గాలిమరలూ తులిప్ పూలూ గుర్తొచ్చేవి. ఇప్పుడు చాలా ఇళ్లలో కొడుకో కూతురో గుర్తొస్తున్నారు. వెల్డ్‌హోవెన్‌లో చిప్పుల తయారీకి యంత్రాలు చేసే ఏఎస్ఎంఎల్ సంస్థలోనూ, ఆమ్‌స్టర్‌డామ్ బ్యాంకుల్లోనూ తెలుగు పిల్లలు పని చేస్తున్నారు. ఆమ్‌స్టర్‌డామ్‌ను ఆనుకుని ఉన్న ఆమ్‌స్టెల్‌వేన్‌లో భారతీయులు వేల సంఖ్యలో ఉన్నారు. అక్కడి నుంచి వచ్చే కబుర్లు దాదాపు ఒకేలా ఉంటాయి. స్నేహితుడి ఇంటికి వెళ్లాలన్నా రెండు వారాల ముందే తేదీ ఖాయం చేసుకోవాలి. కాఫీతో పాటు బిస్కెట్ల డబ్బా తెరిచి, ఒకటి తీసుకోమని మళ్లీ మూత పెట్టేస్తారు. నలుగురూ కలిసి హోటల్లో తింటే మర్నాటికల్లా ఎవరి వాటా వాళ్లు పంపమని ఫోనుకు సందేశం వస్తుంది. చేసిన పని నచ్చకపోతే మొహం మీదే చెప్పేస్తారు. జ్వరమని వెళ్తే డాక్టరు పారాసిటమాల్ వేసుకుని పడుకోమంటాడు. ఈ అనుభవాలేవీ కల్పించినవి కావు. అయితే వీటిని చూసి కొత్తగా వెళ్లినవారు ఇచ్చే తీర్పు ఒకటుంది: డచ్చివాళ్ల స్వభావమే అంత, మనసు విప్పరు, చెయ్యి విదల్చరు, అని. ఆ తీర్పు తప్పనీ, దానివల్ల నష్టపోయేది వెళ్లినవారేననీ నేను అనుకుంటున్నాను. మనకు స్వభావంగా కనిపించేవాటిలో ఎక్కువ భాగం ఏర్పాట్లు. ఫలానా కాలంలో, ఫలానా ఇబ్బంది వచ్చినప్పుడు, కూర్చుని వాదించుకుని కుదుర్చుకున్నవి. ఒకరి స్వభావాన్ని బయటివాడు చూసి ఊరుకోవలసిందే. ఏర్పాటులో అయితే తనకూ చోటు అడగవచ్చు.

పరాయివాళ్లను స్వభావంతో కొలిస్తే ఎంత లోటు మిగులుతుందో మన తీరం చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. 17వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో డచ్చి ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో కొఠీ పెట్టింది. ఆ ఊళ్లో వాళ్ల పేరు మోసే వలందపాలెం ఇప్పటికీ ఉంది. భీమునిపట్నంలో వాళ్ల సమాధులున్నాయి. పులికాట్‌లో కంపెనీవారికి మతబోధకుడిగా ఉన్న అబ్రహాం రొజేరియస్ ఇక్కడి జీవితం గురించి రాసిన పుస్తకం, ఆయన పోయాక, 1651లో లైడెన్‌లో అచ్చయింది. శ్రద్ధగా రాసిన పుస్తకమే. కానీ ఆయన తెలుసుకున్నది చాలావరకు పద్మనాభుడనే ఒక బ్రాహ్మణుడి నోటి నుంచి. అందుకని అది బ్రాహ్మణుల ఆచారాల పుస్తకమైంది. డచ్చి ఓడలను నింపిన నేతగాళ్లూ అద్దకంవాళ్లూ ఎలా బతికారో అందులో వెతికితే దొరికేది తక్కువ. వాళ్లు అద్దిన గుడ్డలు మాత్రం సముద్రం దాటి, ఫ్రీస్‌లాండ్ ప్రాంతంలోని హిండెలోపెన్ అనే రేవు ఊళ్లో ఆడవాళ్ల సంప్రదాయ దుస్తులైపోయాయి. ఈరోజు అచ్చమైన డచ్చి పల్లె వేషమని మ్యూజియాల్లో చూపేదానిలో కోరమాండల్ తీరపు రంగుంది. పుట్టుకతో వచ్చినట్టు కనిపించే ఆచారం కూడా ఎప్పుడో ఒకప్పుడు, ఎక్కడి నుంచో వచ్చి కుదురుకున్నదే.

సైకిలు సంగతి చూడండి. సుమారు కోటీ ఎనభై లక్షల జనాభాకు అక్కడ రెండు కోట్లకు పైగా సైకిళ్లున్నాయి. నేల చదునుగా ఉంది, మనుషులు పొదుపరులు, అందుకే తొక్కుతున్నారని చాలామంది అనుకుంటారు. 1950ల్లో, 60ల్లో కూడా నేల అంతే చదునుగా ఉంది. అయినా ఆ రోజుల్లో సైకిళ్లు తగ్గి, కార్లు నిండిపోయాయి. నగరాల నడిబొడ్డున పాత ఇళ్లు కొట్టేసి వెడల్పాటి రోడ్లు వేసే పథకాలు తయారయ్యాయి. 1971లో రోడ్డు ప్రమాదాల్లో 3,000 మందికి పైగా చనిపోతే వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. కూతుర్ని పోగొట్టుకున్న విక్ లాంగెన్‌హోఫ్ అనే పాత్రికేయుడు, ఇవి పిల్లల హత్యలు, వీటిని ఆపండి అని రాసిన వ్యాసంతో ఒక ఉద్యమానికి పేరు దొరికింది. తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకుని వీధులకు అడ్డం కూర్చున్నారు. 1973 చివర్లో చమురు కొరత వచ్చి ప్రభుత్వం ఆదివారాలు కార్లు ఆపేయించినప్పుడు, కార్లు లేని వీధి ఎలా ఉంటుందో జనం కళ్లారా చూశారు. అక్కడి నుంచి ఒక్కో వీధి కోసం, ఒక్కో కూడలి కోసం మునిసిపాలిటీల్లో ఏళ్ల తరబడి వాదన నడిచింది. వాహనాలు ఎన్నో రెట్లు పెరిగినా ఇటీవలి సంవత్సరాల్లో రోడ్డు మరణాలు ఏడాదికి 700కు అటూ ఇటూగా ఉంటున్నాయి. ఉట్రెక్ట్ నగరంలో పాత కోట కందకంలో కొంత భాగం ఎండగట్టి 1970ల్లో కార్ల రోడ్డు వేశారు. 2002లో నగరవాసులు ఓటు వేసి అది వద్దన్నారు. 2020లో మళ్లీ నీళ్లు వదిలారు. పక్కనే రైల్వే స్టేషను కింద 12,500 సైకిళ్లు పెట్టుకునే చోటు కట్టారు. కొత్తగా వచ్చినవారు ఆ నీళ్లలో పడవలు చూసి, వందల ఏళ్ల నగరాన్ని చెక్కుచెదరకుండా కాపాడుకున్నారని మురిసిపోతారు. ఆ నీళ్లు తిరిగొచ్చి పదేళ్లు కూడా కాలేదు. పోగొట్టుకున్నదాన్ని ఓటు వేసి వెనక్కి తెచ్చుకున్నారన్నదే అక్కడ నిజంగా చూడవలసిన విషయం.

సైకిలు కంటే చాలా పాతది నీటి ఏర్పాటు. దేశంలో దాదాపు నాలుగో వంతు నేల సముద్రమట్టానికి దిగువన ఉంది. గట్టు ఒకచోట తెగితే మోతుబరి పొలమూ పేదవాడి గుడిసే కలిసే మునుగుతాయి. అందుకే దేశానికి పార్లమెంటు రాకముందే నీటి మండళ్లు వచ్చాయి. రైన్‌లాండ్ మండలికి ఆనాటి హాలండ్ ప్రభువు నుంచి గుర్తింపు వచ్చింది 1255లో. ఇవాళ దేశం మొత్తానికి ఇటువంటి మండళ్లు 21 ఉన్నాయి. వాటికి వేరే ఎన్నికలు, వేరే పన్ను. మురుగునీటి శుద్ధికి ఇంటికి వచ్చే బిల్లులో ఒంటరిగా ఉంటే ఒక పాలు, ఇద్దరు అంతకు మించి ఉంటే మూడు పాళ్లు కట్టాలి. 1953 జనవరి 31 రాత్రి తుఫాను కెరటాలకు నైరుతి ప్రాంతం గట్లు తెగి 1,836 మంది చనిపోయాక, దేశం దశాబ్దాల పాటు ఆనకట్టలూ తలుపులూ కడుతూ వచ్చింది. ఇక్కడ ఒక అభ్యంతరం ఎదురవుతుంది. నీటి భయమే మనుషులను కలుపుతుందంటే గోదావరి, కృష్ణా డెల్టాల్లోనూ, బెంగాల్లోనూ అదే జరగాలి కదా? సరైన ప్రశ్నే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక మన కాలువల పెత్తనం ప్రభుత్వ ఇంజనీర్లది. రైతులు ఎన్నుకునే నీటి సంఘాలు చట్టప్రకారం రాష్ట్రమంతటా ఏర్పడింది 1997లో. నీళ్లు రెండుచోట్లా ఉన్నాయి, ఏర్పాటు వేరు. అక్కడ పని, పన్ను, లెక్క మూడూ ఒకే మండలి చేతిలో ఉండటం వల్ల నలుగురూ కూర్చుని తేల్చుకోవడం అలవాటైంది. ఇందులో బంగారు యుగమేదీ లేదనీ చెప్పాలి. శతాబ్దాల పాటు ఆ మండళ్లలో భూమి ఉన్నవాడి మాటే చెల్లింది. పొలం లేనివాడికి ఓటు చాలా ఆలస్యంగా వచ్చింది. అదీ అడిగితేనే వచ్చింది.

ఇప్పుడు ఇళ్లలోకి వెళదాం. డచ్చివారి ఇంట పుట్టినరోజంటే ముందుగది నిండా కుర్చీలు గుండ్రంగా వేసి ఉంటాయి. వచ్చినవారు ఆ చుట్టంతా తిరిగి ఒక్కొక్కరితో చెయ్యి కలుపుతారు. పుట్టినరోజు ఎవరిదో వాళ్లకే కాక వాళ్ల అమ్మకు, భర్తకు, మేనత్తకు, పక్కింటావిడకు కూడా శుభాకాంక్షలు చెబుతారు. పుట్టినరోజు జరుపుకునే మనిషి బతికి ఉన్నందుకు వీళ్లందరికీ సంతోషమన్నమాట. తర్వాత కాఫీ, ఒక కేకు ముక్క, కబుర్లు. ఆ ఇంటి మరుగుదొడ్డిలో గోడకు ఒక క్యాలెండరు వేలాడుతుంది. అందులో వారాలుండవు, ఏ సంవత్సరానిదీ కాదు. తేదీల పక్కన చుట్టాల, స్నేహితుల పేర్లు చేత్తో రాసి ఉంటాయి. రోజూ కంటపడే చోటు గనుక ఎవరి పుట్టినరోజూ మరిచిపోరు. మనసు లేని మనుషులు ఇంత జాగ్రత్త పడరు. తేదీ ముందుగా ఖాయం చేసుకోవడం కూడా ఈ జాగ్రత్తలో భాగమే. ఐరోపా అంతటిలో పూర్తి వారం కాకుండా కొన్ని రోజులే పని చేసేవారు ఎక్కువగా ఉన్నది ఈ దేశంలోనే. 1982లో వాసెనార్‌లో కార్మిక సంఘాలూ యజమానులూ కూర్చుని, జీతాల పెంపు తగ్గించుకుని పని గంటలు తగ్గించుకునే ఒప్పందం చేసుకున్నారు. దాని నీడ ఇవాళ్టి వారం మీద కూడా ఉంది. బుధవారం నాన్న పిల్లలతో ఉంటాడు, శుక్రవారం అమ్మ తన తల్లి దగ్గరికి వెళుతుంది, శనివారం క్లబ్బు. వారంలో ప్రతి పూటా ఎవరికో మాట ఇచ్చి ఉంటుంది. అందులోంచి రెండు గంటలు మీ పేరు మీద రాసి పెట్టారంటే అవి మీవే. వాటిని ఇంకెవరూ తీసుకోలేరు.

డబ్బు వాటా విషయంలో మాత్రం మనవాళ్ల బాధకు అర్థముంది. మన దగ్గర ఈసారి నేను పెడితే వచ్చేసారి నువ్వు పెడతావు. ఆ తీరని బాకీయే మళ్లీ కలవడానికి సాకు. అక్కడ ఎవరిది వాళ్లు ఇచ్చుకోవడం వల్ల ఆ పోగు ఒకటి తెగిపోతుంది. అందులో నష్టం లేదని నేను అనను. కానీ రెండో వైపు కూడా ఉంది. చేతిలో డబ్బు తక్కువున్న విద్యార్థి కూడా, తిరిగి అందరికీ ఎప్పుడు పెట్టగలనా అన్న దిగులు లేకుండా వచ్చి కూర్చోగలడు. మన పద్ధతిలో అలాంటివాడు మర్యాదగా ఏదో పని ఉందని చెప్పి తప్పుకుంటాడు. ఈ రెంటిలో ఏది మెరుగో తేల్చడం కష్టం. ఒకటి ఉదారమనీ ఇంకొకటి పిసినారితనమనీ అనడం మాత్రం అన్యాయం.

పిసినారితనమనే మాట ఎంత తప్పో పురుడు దగ్గర తెలుస్తుంది. తెలుగింటి ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వెళుతుంది, లేదా అమ్మ విమానం ఎక్కి వస్తుంది. నెదర్లాండ్స్‌లో బిడ్డ పుట్టిన ఇంటికి శిక్షణ పొందిన సహాయకురాలు రోజూ వస్తుంది, ఎనిమిది పది రోజుల పాటు. బాలింతను చూసుకుంటుంది, బిడ్డ బరువు, జ్వరం చూస్తుంది, స్నానం చేయించడం నేర్పుతుంది, గది ఊడుస్తుంది, పెద్దబిడ్డ ఉంటే వాడికి రొట్టె ముక్క చేసి పెడుతుంది. చూడ్డానికి వచ్చినవాళ్లకు వెన్న రాసిన కరకరలాడే రస్కు మీద, మన హోటళ్లలో భోజనం తర్వాత ఇచ్చే చక్కెర పూత సోపు లాంటి గింజలు చల్లి ఇస్తారు. ఆడపిల్లయితే గులాబి రంగు, మగపిల్లాడైతే నీలం. సహాయకురాలికయ్యే ఖర్చులో ఎక్కువ భాగం అందరూ తప్పనిసరిగా తీసుకునే ఆరోగ్య బీమాదే. ఇంజనీరు భార్యకూ శరణార్థి భార్యకూ అదే ఏర్పాటు. అమ్మ చేతి పథ్యం అక్కడ దొరకదు, నిజమే. కానీ అమ్మ లేని బాలింత కూడా ఆ దేశంలో ఒంటరిగా మిగలదు. డాక్టరు పారాసిటమాల్ రాయడం కూడా ఇదే లెక్కలోది. ఫ్యామిలీ డాక్టరు పంపితే తప్ప స్పెషలిస్టు చూడడు, యాంటీబయాటిక్స్ వాడకం ఐరోపాలో అతి తక్కువగా ఉన్న దేశాల్లో ఇదొకటి. అయితే భాష సరిగా రాని మనిషి తన నొప్పి ఎంతదో ఫోనులో వివరించలేక ఇబ్బంది పడితే అది ఆ ఏర్పాటులోని లోపమే. దాన్ని వెనకేసుకు రానక్కర్లేదు.

పాత ఏర్పాటులో కొత్తవారు చోటు సంపాదించుకోవడమనేది వట్టి ఆశ అనుకునేవారికి బడుల కథ చెప్పాలి. 19వ శతాబ్దంలో ఆ దేశాన్ని బాగా కలచివేసిన తగువు బడులదే. ప్రొటెస్టెంట్లూ కాథలిక్కులూ తమ మతం చెప్పే బడులకు ప్రభుత్వ డబ్బు కావాలన్నారు. ఉదారవాదులూ సోషలిస్టులూ అందరికీ ఓటు కావాలన్నారు. 1917లో ఇద్దరూ ఇచ్చిపుచ్చుకున్నారు. మగవాళ్లందరికీ ఓటు వచ్చింది, మతం బడులకు ప్రభుత్వ బడులతో సమానంగా డబ్బు వచ్చింది. ఆ మాట రాజ్యాంగంలో 23వ అధికరణమై నిలిచింది. ఆ పెద్దమనుషుల ఊహలో హిందువులు లేరు. ఇక్కడ ఇంకో కథ కలుస్తుంది. 1873లో కలకత్తా నుంచి లల్లా రూఖ్ అనే ఓడ కూలీలను డచ్చివారి సూరినామ్‌కు తీసుకెళ్లింది. తర్వాతి దశాబ్దాల్లో సుమారు 34,000 మంది భారతీయులు అలా వెళ్లారు, ఎక్కువమంది భోజ్‌పురి మాట్లాడే ప్రాంతాలవారు. 1975లో సూరినామ్‌కు స్వాతంత్ర్యం వచ్చే సమయానికి వాళ్ల పిల్లలూ మనవలూ పెద్ద సంఖ్యలో నెదర్లాండ్స్‌కు, ముఖ్యంగా హేగ్ నగరానికి వచ్చి స్థిరపడ్డారు. వాళ్లకు డచ్చి భాష వచ్చు, చట్టం తెలుసు. ప్రొటెస్టెంట్లకూ కాథలిక్కులకూ ఉన్న హక్కు మాకెందుకు ఉండదని అడిగారు. ఇవాళ ప్రభుత్వ డబ్బుతో నడిచే హిందూ ప్రాథమిక పాఠశాలలు ఆ దేశంలో ఉన్నాయి, ఇస్లామిక్ పాఠశాలలూ ఉన్నాయి. వేరు వేరు బడులు పిల్లలను వేరు చేస్తాయన్న వాదం అక్కడ గట్టిగానే వినిపిస్తుంది, అందులో బలమూ ఉంది. కానీ ఒకరి తగువు తీర్చడానికి రాసుకున్న నిబంధన, సముద్రాలు దాటి వచ్చిన మూడో మనిషికి తలుపు తెరిచిందన్నది జరిగిన సంగతి.

ఇంతవరకు విన్నవారికి ఒక అనుమానం రావాలి, వస్తే మంచిదే. ఏర్పాట్లు అంత న్యాయమైనవైతే పిల్లల సంరక్షణ సాయం వ్యవహారం ఎలా జరిగింది? ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులకు శిశు సంరక్షణ కేంద్రాల ఖర్చులో ప్రభుత్వం సాయం చేస్తుంది. దరఖాస్తులో చిన్న పొరపాటు దొర్లినా, సంతకం ఒకటి తక్కువైనా, వేల కుటుంబాల మీద పన్నుల శాఖ మోసగాళ్లన్న ముద్ర వేసి, తీసుకున్నదంతా తిరిగి కట్టమంది. కొందరికి ఆ మొత్తం పదివేల యూరోలు దాటింది. ఇళ్లు పోయాయి, కాపురాలు చెదిరాయి. అనుమానితులను ఏరడంలో పౌరసత్వాన్ని కూడా చూశారు. వలస మూలాలున్న కుటుంబాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. 2021 జనవరిలో ప్రభుత్వం మొత్తం రాజీనామా చేసింది. ఇది మాయని మచ్చ. నియమాన్ని నమ్ముకున్న సమాజంలో నియమమే తప్పుదారి పడితే, మొహం చూసి జాలిపడేవాడు కూడా ఉండడని ఇది చూపింది. ఇళ్ల కొరతా, దాన్ని వలసవారి మీదికి నెట్టే రాజకీయమూ దీనికి తోడు. 2023 నవంబరు ఎన్నికల్లో వలసలను గట్టిగా వ్యతిరేకించే పార్టీ 150 సీట్లలో 37 గెలిచి మొదటి స్థానంలో నిలిచింది. ఇవన్నీ కాదనలేం. కానీ వీటిని కూడా డచ్చివారి జాత్యహంకార స్వభావమని కొట్టిపారేస్తే, ఎవరు ఏ నియమం రాశారో, ఎవరు జవాబు చెప్పాలో అడిగే దారి మూసుకుపోతుంది. ఆ తల్లిదండ్రులకు కాస్తయినా న్యాయం దొరికిందంటే, పట్టువదలని ఒక న్యాయవాదీ, పాత్రికేయులూ, పీటర్ ఓమ్‌ట్సిఖ్ట్, రెన్‌స్కె లైటెన్ వంటి పార్లమెంటు సభ్యులూ కాగితాల వెంట, నియమాల వెంట పడ్డందువల్లే.

చివరి అభ్యంతరం మన పిల్లల నోటే వస్తుంది: అందరూ ఇంగ్లిషు మాట్లాడతారు, డచ్చి నేర్చుకుని ఏం చేస్తాం? నిజంగానే ఇంగ్లిషు మాతృభాష కాని దేశాల్లో వాళ్లంత బాగా ఆ భాష మాట్లాడేవారు తక్కువ. శరణార్థులకూ, కుటుంబం కోసం వచ్చే చాలామందికీ డచ్చి భాషా, సమాజ పరిచయమూ పరీక్ష పెట్టి నేర్పే చట్టం ఉంది. 2022 నుంచి కావలసిన భాషా స్థాయిని పెంచారు కూడా. మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు నిపుణుల వీసా మీద వస్తారు కాబట్టి వాళ్లను ఎవరూ అడగరు. ఈ మినహాయింపును వరమనుకుంటారు. నా దృష్టిలో అది వాళ్లను మర్యాదగా గుమ్మంలోనే కూర్చోబెట్టడం. ఆఫీసు సమావేశం ఇంగ్లిషులో జరుగుతుంది. బడిలో తల్లిదండ్రుల సమావేశం, అపార్టుమెంటు యజమానుల సంఘం, క్లబ్బు వార్షిక సమావేశం, మునిసిపాలిటీ నుంచి వచ్చే ఉత్తరం డచ్చిలో ఉంటాయి. నిర్ణయాలు జరిగేది అక్కడ. విజయవాడలో పుట్టి న్యూజిలాండ్‌లో పెరిగిన తేజ నిడమానూరు నెదర్లాండ్స్‌లో క్లబ్బు క్రికెట్ ఆడుతూ జాతీయ జట్టుకు ఎదిగి, 2023 ప్రపంచకప్ అర్హత పోటీల్లో వెస్టిండీస్ మీద సెంచరీ కొట్టాడు. అందరికీ అంత ఆట రాదు. కానీ ప్రతి ఊళ్లోనూ ఏదో ఒక సంఘం ఉంటుంది, దానికి లెక్కలు రాసేవారో, శనివారం పిల్లల మ్యాచికి టీ కాచేవారో ఎప్పుడూ కావాలి.

అక్కడ ఉంటున్న మనవారికి ఒక మాట. మునిసిపాలిటీ ఎన్నికల్లో ఓటుకు ఐరోపా సమాఖ్య బయటి దేశాలవారు ఐదేళ్లు ఆగాలి. నీటి మండలి ఎన్నికలకు అంతకాలం ఆగనక్కర్లేదు. చట్టబద్ధమైన నివాస అనుమతితో ఆ మండలి పరిధిలో నమోదై, 18 ఏళ్లు నిండి ఉంటే చాలు, ఓటు చీటీ అడగకుండానే పోస్టులో ఇంటికి వస్తుంది. మీరు పన్ను కడుతున్న మండలే అది, మీ ఇంటి కింద నీటిని తోడుతున్నదీ అదే. తర్వాతి ఎన్నికలు 2027లో. చీటీ రాగానే డచ్చిలో ఉందని పక్కన పడేయకుండా, పక్కింటివాళ్లను అడిగి ఎవరు నిలబడ్డారో, ఏమంటున్నారో తెలుసుకుని, వెళ్లి ఓటు వేయండి.